నల్లరేగడి బాటకి ఏడబ్ల్యూడీ (ఆల్ వీల్ డ్రైవ్) సరిపోతుందా, ఫోర్ బై ఫోరే కావాలా?

పత్తిచేను
అందరికీ నమస్తే. రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు, ఇప్పుడు అవసరం పడింది. మేముండేది హైదరాబాద్ నిజాంపేటలో, ఊరు ఆదిలాబాద్ వైపు ఉట్నూరు దాటాక. గుడిహత్నూర్ దాకా హైవే, అక్కడ దిగి లోపలికి సింగిల్ రోడ్డు, దాంతో నాకే ఇబ్బందీ లేదు, ఇప్పుడున్న హ్యాచ్‌బ్యాక్ తొమ్మిదేళ్ళుగా పోయి వస్తూనే ఉంది. తిప్పలంతా ఆఖరి మూడు కిలోమీటర్లే. ఎడ్లబండ్లు నడిచిన బాట, అంతా నల్లరేగడి, మధ్యలో ఒక ఒర్రె (చిన్న వాగు). ఎండాకాలంలో హాయిగా పోవచ్చు. జూన్ చివర్లో వానలు మొదలయ్యాయంటే దసరా దాకా కారు ఊళ్ళోనే చింతచెట్టు కింద వదిలేసి, అక్కడి నుంచి ట్రాక్టర్ మీద పొలం దగ్గర ఇంటికి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఆ ట్రాక్టర్ మడ్‌గార్డ్ మీద కూర్చోబెట్టి తీసుకెళ్ళాలంటే నాకే భయం వేస్తుంది.

బడ్జెట్ అన్నీ కలిపి 22 లక్షలు. ఇద్దరం, ఒక పాప, అమ్మ. నెలకి ఒకసారి ఊరు, మిగతాదంతా సిటీ ట్రాఫిక్కే. గ్రాండ్ విటారా ఏడబ్ల్యూడీ చూశా, జిమ్నీ చూశా, థార్ చూశా. షోరూముల్లో ఒక్కొక్కరు ఒక్కో మాట. ఏడబ్ల్యూడీ ఉంటే ఇంక ఎక్కడికైనా పోవచ్చని ఒకాయన, అది ఉత్త పేరుకే, ఫోర్ బై ఫోరే తీసుకోండని ఇంకొకాయన. ఎవరైనా వాడినవాళ్ళు చెప్పండి, వీడియోలు చూసి చూసి బుర్ర వేడెక్కింది.

గ్రీజు చేతులు
తమ్ముడూ, ముందు పేర్లు పక్కన పెట్టు. కంపెనీవాళ్ళు ఏ పేరైనా అంటించుకుంటారు, కింద ఏముందో అదే చూడాలి. నాది గ్యారేజీ, ఇరవై ఏళ్ళుగా వీటి కిందే పడుకుంటున్నా.

బండి మలుపు తిరిగినప్పుడు నాలుగు చక్రాలూ ఒకే దూరం పోవు. బయటి చక్రం ఎక్కువ తిరుగుతుంది, లోపలిది తక్కువ. అందుకే రెండిటి మధ్య ఆ తేడా సర్దే గేర్లు పెట్టారు, డిఫరెన్షియల్ అంటే అదే. అదే లెక్క ముందు జతకీ వెనక జతకీ మధ్య కూడా ఉంటుంది, మలుపులో ముందు చక్రాలు పెద్ద వంపు కొడతాయి. థార్, జిమ్నీ, స్కార్పియో ఎన్, గుర్ఖా, వీ-క్రాస్ లాంటి ఫోర్ బై ఫోర్ బండ్లలో మామూలుగా వెనక చక్రాలే లాగుతాయి. ఫోర్ హై, అంటే నాలుగు చక్రాలకీ శక్తి పోయే గేరు, వేశావంటే ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ ఒకదానికొకటి బిగుసుకుంటాయి, మధ్యలో ఆ తేడా సర్దేది ఏదీ ఉండదు. బురదలో, ఇసుకలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడా తనే సర్దుకుంటుంది. ఎండిన తారు మీద జారదు. ఇంక ఆ బిగువంతా ఎక్కడికి పోవాలి? గేర్ల మీదికే.

ఏడబ్ల్యూడీ వేరే సంగతి. గ్రాండ్ విటారా, హైరైడర్, ఎక్స్‌యూవీ 700, టూసాన్, ఇవన్నీ పుట్టుకతో ముందు చక్రాలే లాగే బండ్లు. వెనక్కి ఒక షాఫ్ట్ లాగి, దాని చివర క్లచ్ ప్లేట్ల కప్లింగ్ ఒకటి పెట్టారు. ముందు చక్రం జారుతోందని కంప్యూటర్‌కి తెలిస్తే ఆ ప్లేట్లు నొక్కుకుని వెనక్కి కొంత శక్తి పంపుతాయి. నువ్వు ఏమీ నొక్కక్కర్లేదు, తారు మీద, వానలో, మలుపులో ఎప్పుడూ అదే చూసుకుంటుంది. కానీ బురదలో పావుగంట సేపు రేస్ చేస్తూ ఉంటే ప్లేట్లు వేడెక్కి, కాలిపోకుండా కంప్యూటరే దాన్ని తప్పించేస్తుంది. అప్పుడు నీది మళ్ళీ ముందు చక్రాల బండే, అదీ సరిగ్గా నీకు అవసరమైన చోట.

ఇక ఫోర్ లో, నాలుగు చక్రాలూ లాగే నిదానపు గేరు. అసలైన తేడా అక్కడుంది. ఫోర్ హైకీ ఏడబ్ల్యూడీకీ మధ్య తేడా మామూలు మనిషికి రోజూ తెలియదు, ఫోర్ లో ఉన్నదానికీ లేనిదానికీ తెలుస్తుంది. బండి మనిషి నడకంత నిదానంగా, పూర్తి బలంతో కదులుతుంది, దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టకుండా ఇంజనే పట్టుకుంటుంది. నీ ఒర్రెకి గట్టు ఎంత నిటారుగా ఉంది? అది చెప్పు ముందు.

పత్తిచేను
అన్నా, చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. గట్టు అటువైపు ఒక మనిషి ఎత్తు ఉంటుంది, కొంచెం వంకరగా ఎక్కాలి. నీళ్ళు మామూలుగా మోకాలి కిందే, పెద్ద వాన పడితే రెండు గంటలు ఎవరూ దాటరు.

నల్లమల నడక
గ్రీజు చేతులు గారు చెప్పిన ఎండిన తారు సంగతి నా నెత్తిన పడిందే, అందుకే రాస్తున్నా. మూడేళ్ళ కింద కొత్తగా ఫోర్ బై ఫోర్ కొన్నా (కంపెనీ పేరు వద్దులెండి, తప్పు బండిది కాదు). డెలివరీ ఇచ్చిన కుర్రాడు పూలదండ వేశాడు, ఫొటో తీశాడు, ఆ రెండో లివర్ ఎప్పుడు వాడాలో మాత్రం చెప్పలేదు. మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాట్‌లో గ్రిప్ ఎక్కువ ఉంటుందని ఫోర్ హై వేసి పెట్టా. ఎండ మండిపోతోంది, రోడ్డు పొడిగా ఉంది. ప్రతి మలుపులో స్టీరింగ్ బిగుసుకుపోతోంది, కింద నుంచి ఎవరో పట్టుకుని లాగుతున్నట్టు, టైర్లు కీచుమని అరుస్తున్నాయి. ఏదో పాడైందనుకుని భయపడి ఆపా. తీరా లివర్ వెనక్కి తీద్దామంటే రాదు! అక్కడ టీ తాగుతున్న లారీ డ్రైవర్ ఒకాయన చూసి, స్టీరింగ్ నేరుగా పెట్టి కొంచెం వెనక్కి పోనివ్వు, బిగువు వదులుతుంది అన్నాడు. నాలుగు అడుగులు వెనక్కి పోగానే టక్కుమని వచ్చేసింది. ఘాట్ రోడ్డంటే ఫోర్ బై ఫోర్ వేయాలని ఇప్పటికీ నాకు సలహా ఇచ్చేవాళ్ళు ఉన్నారు.

తారు రోడ్డు
నాదో మొరటు మాట. నెలకి ఒకసారి, అదీ మూడు నాలుగు నెలల వానల్లో, అంటే ఏడాదికి మూడు నాలుగు సార్లు మూడేసి కిలోమీటర్ల కోసం లక్షలు ఎక్కువ పోసి, మిగతా ఏడాదంతా ఆ బరువుని కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో మోస్తూ తిరుగుతారా? నాది సెల్టోస్, మన పెనుకొండలో తయారైనదే, అందులో మడ్, శాండ్, స్నో అని మూడు మోడ్‌లు ఉన్నాయి. నాకు ఇప్పటిదాకా ఎక్కడా ఆగలేదు. మిగిలిన డబ్బు ఎఫ్‌డీ చేసుకోండి.

గ్రీజు చేతులు
@తారు రోడ్డు, బండి మంచిదే, నేను కాదనను. కానీ ఆ మోడ్‌లు ఉన్న ముందు రెండు చక్రాలకి బ్రేకు, యాక్సిలరేటర్ సర్దుతాయి, అంతే. వెనక చక్రాలకి షాఫ్టే లేదు. అదే బండి అమెరికాలో ఏడబ్ల్యూడీతో దొరుకుతుంది, ఇక్కడ ఇవ్వలేదు. డాష్‌బోర్డు మీద మంచు బొమ్మ ఉంది కదా అని నాలుగు చక్రాలూ లాగుతాయనుకుని దిగబడినవాళ్ళని నేను ఇద్దరిని లాగించా.

తారు రోడ్డు
నేను దిగబడలేదు కదా అన్నా 😄

గ్రీజు చేతులు
నువ్వు రేగడిలోకి పోలేదు కదా తమ్ముడూ.

సియర్రా మంచు
నేను కాలిఫోర్నియా బే ఏరియా నుంచి. మాకు బురద తక్కువ, మంచు ఎక్కువ, కాబట్టి నా అనుభవం మీకు ఎంత పనికొస్తుందో తెలియదు, ఒక్క విషయం మాత్రం ఎక్కడైనా ఒకటే. ఇక్కడ మన తెలుగువాళ్ళు చాలామంది ఏడబ్ల్యూడీ కొనుక్కుని ఆ ధైర్యంతో చలికాలంలో లేక్ టాహో బయలుదేరతారు. నేనూ అంతే. డోనర్ పాస్ మీద మంచులో బండి చక్కగా కదిలింది, ఎక్కింది, ఎవర్నీ లెక్కచేయలేదు. దిగేటప్పుడు ముందు కారు ఆగింది, నేను బ్రేకు తొక్కా, బండి ఆగలేదు. నెమ్మదిగా, చాలా మర్యాదగా జారుకుంటూ పోయి పక్కనున్న మంచు గుట్టకి ఆనుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ వెనక సీట్లో మా అత్తగారు ఆ తర్వాత గంటసేపు మాట్లాడలేదు.

అప్పుడు తెలిసింది, నాలుగు చక్రాలకి శక్తి ఇవ్వడం కదలడానికే. బ్రేకులు ప్రతి కారుకీ నాలుగు చక్రాలకే ఉంటాయి, ఆగడమంతా టైరు పని. చలి 7 డిగ్రీల సెల్సియస్ కన్నా కిందికి దిగితే మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు తప్పుతుంది. కాలిఫోర్నియాలో మంచు పడితే ఆర్1, ఆర్2, ఆర్3 అని బోర్డులు పెడతారు. ఆర్2 అంటే ఏడబ్ల్యూడీ, ఫోర్ బై ఫోర్ బండ్లకి చక్రాలకి ఇనుప చైన్లు చుట్టకుండా పోనిస్తారు, కానీ నాలుగు చక్రాలకీ మంచు టైర్లు ఉండాలి, చైన్లు బండిలో పెట్టుకోవాలి. ఆర్3 అంటే నీది ఏ బండైనా సరే చైన్లు చుట్టాల్సిందే. అంటే ఇక్కడి పోలీసులు కూడా బండి పేరు ఒక్కటే చూడరు, టైరు చూస్తారు.

టైర్ల పిచ్చి
అమ్మయ్య, ఎవరో ఒకరు టైరు మాట ఎత్తారు! ఈ ఫోరమ్‌లో వంద పోస్టులు ఇంజన్ మీద, రెండు టైర్ల మీద. నేను రాస్తే పొడుగు అవుతుంది, ముందే క్షమించండి.

కంపెనీ నుంచి వచ్చే టైరు ఎక్కువ బండ్లకి రోడ్డు టైరే, హెచ్‌టీ అంటారు. గాళ్ళు సన్నగా ఉంటాయి. నల్లరేగడిలో నాలుగు చుట్లు తిరిగేసరికి ఆ గాళ్ళన్నీ మట్టితో నిండిపోయి టైరు నున్నటి గుండులా అవుతుంది. అప్పుడు రెండు చక్రాలు తిరిగినా నాలుగు తిరిగినా ఒకటే, నాలుగు గుండ్లు తిరుగుతాయి. ఏటీ (ఆల్ టెరైన్) టైర్లు వేస్తే గాళ్ళు వెడల్పుగా ఉండి మట్టిని కొంత విసిరేస్తాయి. ఎంటీ (మడ్ టెరైన్, బురద టైర్లు) ఇంకా బాగా విసిరేస్తాయి, కానీ సిటీలో హోరుమని మోత, తడి తారు మీద బ్రేకు పట్టు తగ్గుతుంది, మీ వాడకానికి వద్దే వద్దు. ఏటీ వేసినా మైలేజీ కొంచెం పడుతుంది, చప్పుడు కొంచెం పెరుగుతుంది, దానికి సిద్ధపడండి.

రెండోది గాలి. ఇసుకలో 16, 18 పీఎస్‌ఐ దాకా తగ్గిస్తే టైరు పరుచుకుని తేలుతుంది, గోదావరి ఇసుకలో నేను చూసిన తేడా అంతా ఇంతా కాదు. బురదలో అంత తగ్గించక్కర్లేదు, కానీ 33తో పోవడం కన్నా కొంచెం తగ్గించడం నయం. తిరిగి తారు ఎక్కేముందు నింపుకోవాలి కాబట్టి సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెట్టే చిన్న పంపు ఒకటి బండిలో ఉండాలి. తగ్గించిన గాలితో హైవే మీద పోతే టైరు వేడెక్కి పగులుతుంది, జాగ్రత్త.

మూడోది ఏడబ్ల్యూడీ కొనేవాళ్ళు ఎవరూ అడగని విషయం. ఒక టైరు చీలిపోయిందనుకోండి, ఒక్క కొత్తది వేసి మిగతా మూడూ అరిగినవి ఉంచితే, కొత్తదాని చుట్టుకొలత ఎక్కువ. కంప్యూటర్ దాన్ని ఏదో చక్రం జారుతున్నట్టే లెక్కవేస్తుంది, కప్లింగ్ ఊరికే పనిచేస్తూ వేడెక్కుతుంది. నాలుగూ దాదాపు సమానంగా అరగాలి, లేకపోతే నాలుగూ మార్చాలి. 10,000 కిలోమీటర్లకి ఒకసారి చక్రాలు అటూ ఇటూ మార్పించడం ఇందులో తప్పనిసరి పని అనుకోండి.

ఏజెన్సీ డ్రైవర్
సార్, నేను పాడేరు వైపు టూరిస్టు జీపు నడుపుతాను. వంజంగి కొండకి తెల్లవారుజామున మబ్బులు చూడటానికి వచ్చే జనాన్ని ఎక్కిస్తాం. మీరంతా పెద్ద పెద్ద బండ్ల గురించి మాట్లాడుతున్నారు, మా సంతలకి ముప్పై ఏళ్ళుగా జనాన్నీ బస్తాలనీ మోసిన కమాండర్ జీపుల్లో ఎక్కువ భాగం వెనక రెండు చక్రాలే లాగేవి. ఎలా ఎక్కాయంటే వెనక బరువు ఉంటుంది, టైరు సన్నగా ఉండి కోసుకుని కింద గట్టి నేలని పట్టుకుంటుంది, డ్రైవర్‌కి ప్రతి రాయీ తెలుసు. ఎర్రనేల, రాయి ఉన్న చోట ఇది నడుస్తుంది. హైదరాబాద్ నుంచి కొత్త ఫోర్ బై ఫోర్ వేసుకొచ్చిన కుర్రాళ్ళు మా దగ్గర తాడు అడుగుతుంటారు. బండి తక్కువై కాదు, ఎక్కడ గేరు వేయాలో తెలియక. బురదలోకి దిగాక ఫోర్ బై ఫోర్ వేస్తారు. దిగకముందే వేసుకోవాలి సార్. దిగాక మధ్యలో ఆపకూడదు, మధ్యలో గేరు మార్చకూడదు, చక్రం ఉత్తినే తిరుగుతుంటే కాలు ఇంకా నొక్కకూడదు. నొక్కినకొద్దీ గొయ్యి తవ్వుకున్నట్టే.

మీ ఊరిది నల్లరేగడి అంటున్నారు. దాని గురించి నాకు తెలియదు, మా వైపు లేదు.

రేగడి కోడలు
నాకు తెలుసు. మాది పత్తి, కంది, పది ఎకరాలు, అచ్చంగా రేగడే, బైక్ మీద పోయి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నదాన్ని. 🙂 ఇక్కడ మగవాళ్ళంతా గేర్ల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి నేను మట్టి గురించి చెప్తా.

రేగడికి మూడు అవతారాలు. ఎండితే రాయి, పర్రెలు విచ్చి కాలు ఇరుక్కునేంత. సన్న జల్లు పడితే పైన వేలెడు మందం సబ్బులా అవుతుంది, కింద ఇంకా గట్టిగానే ఉంటుంది. ఈ రెండో అవతారంలో ఏడబ్ల్యూడీ అయినా ఫోర్ బై ఫోర్ అయినా నిదానంగా పోతే పోతుంది, రెండు చక్రాలే లాగే కారు మాత్రం తోక ఊపుకుంటూ కాలువలోకి పోతుంది. మూడోది, నాలుగు రోజులు ముసురు పట్టాక. అప్పుడు మోకాలి లోతు దాకా గోధుమపిండి కలిపినట్టు ఉంటుంది. చక్రానికి అంటుకున్న మట్టి రాలదు, మడ్‌గార్డ్ లోపల నిండి చక్రమే తిరగకుండా పట్టేస్తుంది. ట్రాక్టర్లే కేజ్ వీల్స్ (ఇనుప చక్రాలు) వేసుకుని గానీ దిగవు. ఆ రోజుల్లో మీరు ఎంత పెట్టి కొన్న కారైనా పోదు. పోయిందని చెప్పేవాళ్ళు గాడిలో రాళ్ళున్న బాట మీద పోయి ఉంటారు.

అందుకని పత్తిచేను గారూ, మీ మూడు కిలోమీటర్లలో అసలు రేగడి ఎంత, మొరం ఉన్నది ఎంత, నడిచి చూశారా? మా బాటలో చూస్తే అంతా కలిపి మూడు చోట్లే, ఒక్కోటి యాభై అరవై గజాలు. మా మామగారు, పక్క పొలాలవాళ్ళు కలిసి వేసవిలో ఆ మూడు చోట్ల మొరం పోయించి ట్రాక్టర్‌తో తొక్కించారు, నీళ్ళు నిలిచే చోట రెండు సిమెంటు తూములు వేయించారు. ఖర్చు పంచుకున్నాం. ఇప్పుడు మా మరిది ఆల్టో ముసురులో కూడా వస్తుంది. ఏ కారు కొన్నా ఆ పని తప్పదు, ఆ పని చేయించాక ఏ కారు కొన్నా ఫరవాలేదు.

ఇంకొకటి. మోకాళ్ళ నొప్పులున్న ఆవిడని మూడు తలుపుల థార్ వెనక సీట్లోకి ఎక్కించడం మీరు షోరూములో చేసి చూశారా? ముందు సీటు మడిచి, వంగి, దూరాలి. అమ్మని ముందు కూర్చోబెట్టినా ఎక్కడం ఎత్తే. కాగితం మీద ఇవన్నీ రాయరు.

నల్లమల నడక
అక్కా, ఈ పోస్టుని పైన అతికించాలి.

లెక్కల మాస్టారు
డబ్బు వైపు ఒక చిన్న మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది కదా, నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ లోపు ఉంటే 18 శాతం, మిగతావి 40. ఇందులో తమాషా ఏంటంటే, వెనక రెండు చక్రాలే లాగే థార్ 1.5 డీజిల్ 18లోకి వస్తుంది, అదే థార్ ఫోర్ బై ఫోర్ కావాలంటే ఇంజన్ పెద్దది కాబట్టి 40. జిమ్నీ నాలుగు మీటర్ల లోపే, కానీ 1.5 పెట్రోల్ కాబట్టి అదీ 40. రోడ్డు మీద థార్‌లు ఇన్ని కనిపిస్తున్నాయి, అన్నీ ఫోర్ బై ఫోర్ అనుకోకండి. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు మరీ జాగ్రత్త, గేర్ లివర్ పక్కన రెండో లివర్ ఉందో లేదో కళ్ళతో చూసుకోండి.

పాత డస్టర్
సెకండ్ హ్యాండ్ అంటున్నారు కాబట్టి నా వోటు. 2014లో వచ్చిన డస్టర్ ఏడబ్ల్యూడీ. ఫోర్ లో లేదు, కానీ మొదటి గేరే బాగా పొట్టిగా ఇచ్చారు, దాంతో సగం పని అయ్యేది. వెనక సస్పెన్షన్ కూడా మామూలు డస్టర్‌ది కాదు, వేరే. అమ్మమ్మలు కూడా హాయిగా ఎక్కి దిగేవారు. మంచిది దొరికితే వదలకండి, లాక్ మోడ్‌లో పెట్టి తడి మట్టి మీద వెనక చక్రాలు నిజంగా లాగుతున్నాయో లేదో చూసి మరీ కొనండి. ఆ కప్లింగ్ పోయిన బండిని ఏడబ్ల్యూడీ అని అమ్మేవాళ్ళున్నారు.

గ్రీజు చేతులు
డస్టర్ మాటకి నేను సై. కానీ ఇప్పుడు దొరికేవన్నీ వయసు మీదపడినవి, నిజాంపేట నుంచి ఉట్నూరుకి అమ్మని తీసుకుని రాత్రిపూట పోయే మనిషికి నేను చెప్పను.

ఇంకో సంగతి మర్చిపోయా. ఫోర్ బై ఫోర్ అంటే నాలుగు చక్రాలూ లాగేస్తాయని అనుకోవద్దు. డిఫరెన్షియల్‌కి ఒక జబ్బు ఉంది, ఏ చక్రం సులువుగా తిరుగుతుందో దానికే శక్తి పంపుతుంది. ఒర్రె గట్టు వంకరగా ఎక్కేటప్పుడు ముందు ఒక చక్రం, వెనక ఎదురు మూల చక్రం గాల్లో లేచాయనుకో, ఆ రెండూ ఉత్తినే తిరుగుతాయి, బండి కదలదు. దానికి మందు డిఫరెన్షియల్ లాక్. గుర్ఖాలో ముందూ వెనకా రెండిటికీ ఉంది, చేత్తో వేసుకోవాలి. థార్‌లో వెనక దానికి, అదీ అన్ని వేరియంట్లలో కాదు, అడిగి తీసుకోవాలి. జిమ్నీలో లాక్ లేదు, తిరిగే చక్రానికి బ్రేకు వేసి ఎదుటి చక్రానికి శక్తి మళ్ళిస్తుంది. బండి తేలిక కాబట్టి దాంతోనే నెట్టుకొస్తుంది.

నేలకీ బండికీ మధ్య ఎత్తు 210 మిల్లీమీటర్లని రెండిటికీ రాస్తారు, గ్రాండ్ విటారాకీ, జిమ్నీకీ. రెండూ ఒకటి కావు. నలుగురు ఎక్కి డిక్కీలో బియ్యం బస్తా వేస్తే మొదటిది కిందికి దిగుతుంది. జిమ్నీకి కింద ఇరుసు గట్టి కడ్డీ, చక్రంతో పాటే ఉంటుంది, దాని కింద ఎత్తు బరువేసినా తగ్గదు.

తారు రోడ్డు
జిమ్నీ డిక్కీలో బియ్యం బస్తా వేస్తే ఇంక పాప సైకిల్ ఎక్కడ పెడతారు అన్నా.

శ్రీసిటీ పికప్
మా ఊరి దగ్గర తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ పికప్ పేరు ఎవరూ గట్టిగా ఎత్తరేంటి? గ్రీజు చేతులు గారు ఒక్కసారి అని వదిలేశారు. నాబు తిప్పితే టూ హై, ఫోర్ హై, ఫోర్ లో. వెనక తొట్టిలో బియ్యం, సైకిల్, పత్తి బస్తాలు, ఏదైనా. ఒకటే చిక్కు, అయిదు మీటర్లు దాటిన పొడుగు, నిజాంపేట అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెడితే పక్కింటివాళ్ళతో గొడవ ఖాయం. బడ్జెట్ కూడా దాటుతుంది. అయినా చెప్పాలనిపించింది.

సియర్రా మంచు
ఎలక్ట్రిక్ గురించి ఎవరూ అనలేదు, హారియర్ ఈవీలో ముందొక మోటరు, వెనకొక మోటరు ఉన్నాయట కదా, అసలు షాఫ్టే లేదు.

గ్రీజు చేతులు
ఉంది. బడ్జెట్‌లో లేదు.

పత్తిచేను
అందరికీ థాంక్స్. పోయిన శనివారం ఊరెళ్ళొచ్చా, అందుకే ఇన్నాళ్ళూ జవాబు ఇవ్వలేదు. స్నేహితుడొకడి చిన్న ఫోర్ బై ఫోర్ అడిగి తీసుకెళ్ళా, వాడే నడిపాడు. శుక్రవారం రాత్రంతా ముసురు. ఏజెన్సీ డ్రైవర్ గారు చెప్పినట్టు బాట మొదట్లోనే ఫోర్ హై వేశాం. మొదటి కిలోమీటరు పాట వింటూ పోయాం. రెండో కిలోమీటరులో బాట వదిలి పక్క చేను గట్టు మీదికి పోదామని వాడికి తెలివి పుట్టింది. ఇంక చూడండి, రేగడి కోడలు గారి మూడో అవతారం. చక్రాలు కనిపించలేదు, నాలుగు నల్లటి ముద్దలు కనిపించాయి. ఫోర్ లో వేశాడు, ముద్దలు నిదానంగా తిరిగాయి, అంతే తేడా. బండి కడుపు నేల మీద కూర్చుంది. నాన్నకి ఫోన్ చేస్తే ఏమీ అనకుండా ట్రాక్టర్ వేసుకొచ్చాడు, తాడు కట్టి టోచన్ చేసి అయిదు నిమిషాల్లో బయటపడేశాడు. లాగేటప్పుడు మా వాడు తాడు బంపర్‌కి కట్టబోతే నాన్నే ఆపి కింద హుక్కు చూపించాడు. ఆ హుక్కు ఉందని బండి ఓనర్‌కే తెలియదు.

తర్వాత ఆదివారం పొద్దున నాన్నా నేనూ బాటంతా నడిచాం. నిజంగానే నాలుగు చోట్లే, అన్నీ కలిపి 300 అడుగులు ఉండదు. మిగతాదంతా కింద మొరమే, ఎప్పుడో ఎవరో వేసింది. ఒర్రె గట్టు కొంచెం చెక్కి వంపు తగ్గిస్తే నేరుగా ఎక్కొచ్చు, వంకర పోనక్కర్లేదు. పక్క చేన్లవాళ్ళు ముగ్గురు సరే అన్నారు, ఒకాయన ఆలోచిస్తా అన్నాడు (ఆయన చేను ముందే ఉంది, ఆయనకి అవసరం లేదు).

నా ఆలోచన ఇప్పుడు ఇలా ఉంది. దీపావళి అయ్యాక పత్తి మొదటి తీత డబ్బులు వస్తాయి, అప్పుడు మొరం, తూములు. కారు గ్రాండ్ విటారా ఏడబ్ల్యూడీ, అయిదు తలుపులు, అమ్మకి ఎక్కడం దిగడం తేలిక. ముసురు పట్టిన రోజుల్లో ఊళ్ళోనే చింతచెట్టు కింద పెట్టేస్తా, ఆ నాలుగు రోజులు ట్రాక్టరే.

గ్రీజు చేతులు
నీ ఇష్టం తమ్ముడూ, నేనైతే ఇప్పటికీ జిమ్నీయే అంటా. గట్టు చెక్కినా మొదటి పెద్ద వానకి మళ్ళీ కోసుకుపోతుంది, అప్పుడు ఫోర్ లో గుర్తొస్తుంది. ఒక సాయం చెయ్యి, బుక్ చేసేముందు ఆ ఏడబ్ల్యూడీ బండి ఎవరిదైనా తీసుకెళ్ళి గట్టు ఎక్కించి చూడు. అది కూడా వేడెక్కేదాకా కాదు, రెండే రెండు సార్లు. రెండో సారి ఎక్కకపోతే దిగి వచ్చెయ్.

టైర్ల పిచ్చి
కంపెనీ టైర్లు అరిగాక ఏటీ వేద్దామనుకుంటే ఆ సైజులో ఏవి దొరుకుతాయో ముందే అడిగి పెట్టుకోండి. అన్ని సైజుల్లోనూ రావు. నాలుగూ కలిపి మార్చాలని మర్చిపోకండి.

నల్లమల నడక
నీళ్ళ సంగతి ఎవరూ అనలేదు, నేను అంటా. థార్ 650 మిల్లీమీటర్ల నీళ్ళలో పోతుందని కంపెనీ చెప్పేది నిలిచిన నీళ్ళకి. పారే నీళ్ళు మోకాలి దాకా ఉంటే ఏ కారునైనా పక్కకి నెడతాయి, అప్పుడు నాలుగు చక్రాలు కాదు, నాలుగు తెడ్లు ఉన్నా లాభం లేదు. మీ ఊళ్ళో రెండు గంటలు ఎవరూ దాటరన్నారు కదా, కొత్త కారు వచ్చాక కూడా ఆ రెండు గంటలు ఆగండి.

పత్తిచేను
ఆగుతాను అన్నా, నాన్న ఆ విషయంలో నాకన్నా గట్టి. గ్రీజు చేతులు అన్నా, నిర్మల్‌లో మా బావమరిది స్నేహితుడి దగ్గర హైరైడర్ ఏడబ్ల్యూడీ ఉందట, వచ్చే ఆదివారం అడిగా, వాన తగ్గితే గట్టు ఎక్కించి చూస్తాం. వీడియో పెడతా.

రేగడి కోడలు
మీ అమ్మగారిని కూడా ఎక్కించుకుని చూడండి. మీరు ఖాళీ బండి ఎక్కించి సరిపోయిందనుకుంటారు.

పత్తిచేను
అడిగా అక్కా. మొరం పోశాక వస్తానంది.